పద్నాలుగు మందికి తోడుపోయిన కొమరయ్య

ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసు. ఒక్క చెకింగ్ కేసు లేదు, ఒక్క మెమో లేదు, ఒక్క ప్రయాణికుడి ఫిర్యాదు లేదు. గుండేటి కొమరయ్య కండక్టరుగా ఉన్న బస్సు తమకు పడాలని హుజూరాబాదు డిపోలో డ్రైవర్లు పోటీపడేవారు. చదివింది ఊరి బళ్ళో పదో తరగతే అయినా డిగ్రీ చదివినవాళ్ళ కంటే ముందుగా చిల్లర లెక్క తేల్చేవాడు. ఉత్తమ కండక్టరని రెండుసార్లు గోడ గడియారం ఇచ్చారు, ఒకసారి శాలువా కప్పారు. వాగు పొంగి బస్సు నడుమ ఆగిపోయిన ఏడాది నలభై రెండు మందిని ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి ఒడ్డుకు చేర్చి, అందరికంటే చివర తాను దాటినవాడు. ఆ నలభై రెండు మందిలో ఒక బాలింత ఉంది. ఆమె కొడుకు ఇప్పుడు టీచరు.

ఆయనకు రెండు నియమాలుండేవి. కొత్తగా చేరిన కండక్టర్లకు అవే చెప్పేవాడు. "ఎక్కించుకున్నోణ్ణి దిగేకాడ దింపాలె, నడుమ ఇడిసిపెట్టొద్దు" అనేది మొదటిది. "బస్సుల ఇన్నది బస్సుల్నే ఇడువాలె" అనేది రెండోది. పల్లె బస్సులో జనం నోరు కట్టుకొని కూర్చోరు. వియ్యంకుల మీద చాడీలు, గట్టు తగాదాలు, కోడలి రోగాలు, అన్నీ కండక్టరు చెవిన పడతాయి. ఒక స్టేజీలో విన్న మాటను ఇంకో స్టేజీలో దించలేదు కొమరయ్య. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల మధ్య ముప్పై ఒక్క ఏళ్ళు అలా నెగ్గుకొచ్చాడంటే మాటలు కాదు.

అలాంటి మనిషి మంచుదేశంలోని రెజైనా ఊరికి వచ్చి ఆరేళ్ళయింది. భార్య లక్ష్మమ్మ పోయాక కూతురు ధరణి స్పాన్సర్ చేసి పిలిపించుకుంది. ధరణిది ఇక్కడ ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. అల్లుడు ఉత్తరాన గనిలో పనిచేస్తాడు, రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. మొదటి రెండేళ్ళూ కొమరయ్య కిటికీ దగ్గర కూర్చొని మంచు చూశాడు. చేతిలో టికెట్ల సంచి లేకపోతే భుజం తేలికై నిద్ర పట్టేది కాదు.

పని దొరికింది పంటి నొప్పితో. ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న నిశాంత్‌కు జ్ఞానదంతాలు అడ్డం తిరిగాయి. నాలుగూ తీసేయాలన్నారు. మత్తిచ్చి తీస్తారు గనుక తోడుగా పెద్దమనిషి ఒకరు రావాలి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోవాలి, ఇంటికి తీసుకుపోతానని సంతకం పెట్టాలి. తోడు లేకపోతే మత్తు ఇవ్వరు. చదువుకొనే పిల్లలకు ఇక్కడ పెద్దమనిషి ఎక్కడ దొరుకుతాడు? స్నేహితుణ్ణి రమ్మంటే వాడి షిఫ్ట్ పోతుంది. నిశాంత్ మెట్ల మీద నిలబడి బుగ్గ పట్టుకొని అడిగాడు. కొమరయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కొని బయల్దేరాడు.

ఆ తర్వాత ఒకరి నుంచి ఒకరికి పాకింది. "తాతను అడగండి, వస్తాడు" అనేవారు. రోహిత్, రేవంత్, తారక్, రిషిత, ఇలా నాలుగేళ్ళలో పద్నాలుగు మంది. ఎవరినీ నడుమ విడిచిపెట్టలేదు. నర్సు చెప్పే జాగ్రత్తలు ఆయనకు కంఠస్థమయ్యాయి. అరగంటకోసారి గాజుగుడ్డ మార్చాలి, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు, మొదటి పూట మాట్లాడొద్దు. టాక్సీలో పక్కన కూర్చోబెట్టుకొని గదికి చేర్చి, రాగిజావ కాచి చల్లార్చి పోసి, వాపు మీద మంచుగడ్డల సంచి పెట్టి, పూర్తిగా తెలివి వచ్చిందని నమ్మకం కుదిరాకే లేచేవాడు. ఒక్కరి దగ్గర టీ కూడా ఆశించలేదు.

ఇప్పుడు ఆయనకే వచ్చింది. డెబ్బై దగ్గరపడుతుండగా, కింది దవడలో ఎడమ పక్క ఇన్నాళ్ళూ లోపలే పడుకున్న జ్ఞానదంతం పుచ్చి పక్క పన్నును కూడా తినేస్తోంది. గురువారం పొద్దున పది గంటలకు టైమిచ్చారు.

"ఆయన గనికాడనే ఉంటడు, నేను లీవ్ అడుగుత నాయినా" అంది ధరణి గిన్నెలు తుడుస్తూ. "కొత్త పోస్ట్‌ల చేరి రెండు నెల్లే అయింది, అయినా అడిగి చూస్త."

"నీ లీవెందుకు బిడ్డా. పద్నాలుగు మందికి తోడు పోయిన. అండ్ల ఒక్కడు రాడా?"

ధరణి తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడిచింది. "అయినా పెడ్త."

"వద్దంటె వద్దు. నా మాటకు ఇలువ లేకుంట జేయకు."

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ పట్టుకొని కూర్చున్నాడు. మొదట నిశాంత్. నిశాంత్ విమానంలో పోయేంత దూరాన ఉన్న నార్త్ యార్క్‌కు మారి ఏడాది దాటింది, అక్కడ బ్యాంకులో ఉద్యోగం. "తాతా, ఇక్కడుంటే పరుగెత్తుకొచ్చేవాణ్ణి" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రోహిత్‌కు షిఫ్ట్, మార్చుకోవడానికి ఎవరూ దొరకరు. రిషితకు మెసేజ్ పెడితే చూసినట్టు నీలం గీతలు రెండూ పడ్డాయి, జవాబు లేదు. ఇంకో ఇద్దరు ఎత్తలేదు. రేవంత్ ఎత్తాడు.

"అయ్యో తాతా, నేను సస్కటూన్‌లో ఉన్నా. శుక్రవారం దాకా రాను."

"ఎప్పుడు పోయినవ్ బిడ్డా?"

"నిన్ననే తాతా."

కొమరయ్య ఫోన్ పెట్టేశాడు. గంట క్రితం ధరణితో కలిసి ఇండియన్ గ్రాసరీకి పోయినప్పుడు, రేవంత్ అక్కడ కరివేపాకు కట్టలు తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆయన్ను చూసి బియ్యం బస్తాల వెనక్కి తిరిగాడు. చూడలేదేమో అనుకున్నాడు ముసలాయన. టికెట్ కొనకుండా కిటికీలోంచి బయటికి చూసే మనుషులను ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు చూశాడు. రేవంత్ మెడ అప్పుడు అలాగే తిరిగింది.

మర్నాడు సాయంత్రం తారక్ వచ్చాడు. తెనాలి పక్క పిల్లవాడు, యూనివర్సిటీలో ఆఖరి ఏడాది. ధరణి దగ్గర తీసుకుపోయిన పెద్ద ఇడ్లీ పాత్ర తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ధరణి ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

"కూసో తారక్. గురువారం పొద్దుగాల ఖాళీయేనా?"

"ఎందుకండీ?"

"నా పన్ను పీకుతున్నరు. తోడు గావాలె."

తారక్ పాత్రను గట్టు మీద పెట్టి, మూత సరిచేశాడు. "నాకు క్లాసుందండి తాతగారూ."

"ఒకడికి షిఫ్టు, ఒకడికి క్లాసు. రేవంత్ సస్కటూన్‌ల ఉన్నడట. కర్వేపాకు మాత్రం ఈడ కొంటడు. ఏందిరా, నాకేమన్న అంటురోగమా?"

తారక్ నవ్వలేదు. "మీకు నిజంగానే తెలీదా అండీ?"

"ఏం తెల్వాలె?"

"హర్షిణి ఎందుకు వెళ్ళిపోయిందో."

"ఇంటికాడ ఎవలికో పానం బాగలేదట గద. కమలకుమారి చెప్పింది."

"ఆవిడే చెప్పిందా" అన్నాడు తారక్. "బాగుంది."

హర్షిణి పద్నాలుగో మనిషి. హనుమకొండ పిల్ల. ఫిబ్రవరిలో, ఊపిరి గడ్డకట్టే చలిలో ఆమెను క్లినిక్ నుంచి తీసుకొచ్చాడు. టాక్సీలో మత్తు వదలక ముందు ఒక్కొక్కరూ ఒక్కో రకంగా వాగుతారు. నిశాంత్ నర్సును అక్కా అని పిలిచి దోసె అడిగాడు. తారక్ తన చెప్పులు ఎవరో ఎత్తుకుపోయారని టాక్సీ డ్రైవరుతో పోట్లాడాడు. హర్షిణి మాత్రం ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. రెండు సబ్జెక్టులు పోయాయి, యూనివర్సిటీ వాళ్ళు తీసేసి మూడు నెలలయింది, ఇంట్లో ఇంకా క్లాసుకు పోతున్నాననే చెబుతున్నాను, తాతా, మా నాన్నకు తెలిస్తే నేను బతకను, అంది. ఆయన తల నిమిరాడు. జావ పోశాడు. తెలివి వచ్చాక ఆమెకు తాను ఏం చెప్పిందో గుర్తు లేదు. ఆయన గుర్తు చేయలేదు. అక్కడి దాకా ఆయన కండక్టరు కొమరయ్యే.

ఉగాదికి ఒక స్కూలు జిమ్ అద్దెకు తీసుకొని తెలుగువాళ్ళందరూ కలిశారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వంట. భోజనాలయ్యాక ఇరవై మంది కుర్చీలు లాక్కొని ఆయన చుట్టూ చేరారు. "తాతా, మీ మత్తు కథలు చెప్పండి" అన్నారు. ఈ దేశం వచ్చాక అంతమంది ఒకేసారి ఆయన మాట వినడం అదే మొదలు. దోసె కథకు పొట్టలు పట్టుకున్నారు. చెప్పుల కథకు తారక్ కూడా నవ్వాడు. "ఇంకోటి తాతా, ఇంకోటి" అన్నారు. ముందు వరసలో కమలకుమారి గవ్వల గిన్నె ఒళ్ళో పెట్టుకొని, నోట్లో గవ్వ నమలడం కూడా ఆపి వింటోంది. ఊరినిండా ఫోన్ నంబర్లున్న మనిషి ఆమె. కొమరయ్య గొంతు సవరించుకున్నాడు. "అందరు నవ్విచ్చేటోళ్ళే ఉండరు. మొన్న ఫిబ్రవరిల ఒక పిల్ల ఉన్నది, పాపం..." అని మొదలుపెట్టాడు. పేరు చెప్పలేదు. చివరిదాకా జాలిగానే చెప్పాడు. ఆడవాళ్ళు అయ్యో అన్నారు. ఆ అయ్యో వినడం ఆయనకు ఎంత బాగుందో.

"ఫిబ్రవరిలో పళ్ళు తీయించుకున్న అమ్మాయి ఒక్కతే తాతగారూ" అన్నాడు తారక్. "కమలకుమారి ఆంటీ చెల్లెలు హనుమకొండలో హర్షిణి వాళ్ళ వీధిలోనే ఉంటుంది. వారం తిరక్కుండా వాళ్ళ నాన్న ఫోన్ చేశారు. అప్పటికే హర్షిణికి వేరే కాలేజీలో సీటొచ్చింది. లెటర్ రావడానికి మూడు వారాలన్నారు. అది వస్తే స్టడీ పర్మిట్ సంగతి చూసుకుని, తర్వాత ఇంట్లో తనే మెల్లగా చెప్పుకునేది. ఆయన ఆగలేదు. టికెట్ పంపించారు."

"పోకుంట ఉంటే అయిపోవు గద."

"వాళ్ళమ్మ అన్నం మానేసిందండి."

"నేను పేరు చెప్పలె తారక్."

"చెప్పలేదండి."

"మంచిగనే చెప్పిన. పాపమని చెప్పిన."

"విన్నానుగా. నేనూ అక్కడే ఉన్నా, నేనూ ఆపలేదు." తారక్ జాకెట్ జిప్పు పైకి లాక్కున్నాడు. "మీరు నాకు జావ పోశారు, మర్చిపోలేదు. కానీ మత్తులో మేమేం వాగామో మాకు తెలీదు, మీకు తెలుసు. అందుకే ఇప్పుడు ఎవరికి పళ్ళు తీసినా ఇంకొకడు షిఫ్ట్ మానుకుని వెళ్తున్నాడు. మొన్న చింటుకు నేనే వెళ్ళా."

ఉగాది నుంచి ఆరు నెలలుగా తనను ఎవరూ పిలవలేదన్న సంగతి కొమరయ్యకు అప్పుడు తట్టింది. ఈ ఏడాది పిల్లల పళ్ళు బాగున్నాయి కాబోలు అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"అయితే రావు."

తారక్ గుమ్మంలో ఆగాడు. "హర్షిణి నా క్లాస్‌మేట్ అండి" అన్నాడు. బూట్లు తొడుక్కొని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

ధరణి వచ్చాక కొమరయ్య "తారక్ వస్తుండు, దవఖాన కాడికే వస్తనన్నడు" అని చెప్పాడు. ధరణి తండ్రి ముఖంలోకి చూసి, "సరే నాయినా" అంది.

గురువారం బస్సులో ఒక్కడే పోయాడు. క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర తెల్లజుట్టావిడ ఆయన్ను చూసి నవ్వింది. నాలుగేళ్ళ పరిచయం. "గుడ్ మార్నింగ్ మిస్టర్ గుండేటి. ఇవాళ ఎవరికి తోడొచ్చారు?" అని అడిగింది.

"మీ" అని ఇంగ్లీషులో అంటూ గుండె మీద వేలు పెట్టుకున్నాడు. "టుడే, మీ."

ఆవిడ కంప్యూటర్ చూసి, అయ్యో అన్నట్టు తల ఊపి, మామూలు ప్రశ్న వేసింది. ఇంటికి ఎవరు తీసుకుపోతున్నారు? గోడ వారన సోఫాలో మన దేశపు మనిషే ఒకతను ఫోన్ చూసుకుంటున్నాడు. అతని వైపు చెయ్యి చూపిస్తే సరిపోయేది. కానీ కూతురికి ఇప్పటికే ఒక అబద్ధం చెప్పి ఉన్నాడు.

"నోబడీ" అన్నాడు.

డాక్టరు వచ్చి మాట్లాడాడు. తోడు లేకపోతే మత్తు కుదరదు. నవంబరులో ఇంకో తేదీ ఇవ్వగలను, లేదా దవడ వరకే ఫ్రీజింగ్ సూది వేసి, మెలకువగా ఉండగానే తీయగలను, పన్ను అడ్డంగా ఉంది కాబట్టి కష్టంగా ఉంటుంది, అన్నాడు. కొమరయ్య రెండోదానికే తలూపాడు. నవంబరుకు కూడా ఎవరొస్తారు గనుక?

దవడ మొద్దుబారింది గాని చెవులు మొద్దుబారలేదు. ఎండిన పత్తికట్టెలు తొక్కుతూ ఎవరో తన తలలోనే నడుస్తున్నట్టు వినిపించింది. పన్ను మూడు ముక్కలుగా వచ్చింది. నలభై నిమిషాలు కుర్చీ చేతులు వదల్లేదు, మూలగలేదు. వాగులో నలభై రెండు మందిని దాటించినవాడు మూలుగుతాడా? ఒక్క ఆలోచన మాత్రం సలిపింది. మత్తిచ్చి ఉంటే తాను ఏం వాగేవాడో. ఎవరి భుజం మీద తల పెట్టేవాడో. పక్కన కూర్చున్నవాడు దాన్ని ఎక్కడ దించేవాడో.

నర్సు కాగితం ఇచ్చి జాగ్రత్తలు చెప్పబోయింది. వద్దని చెయ్యి ఊపి, గాజుగుడ్డ కరిచిపెట్టి లేచాడు.

తిరుగు బస్సులో ముందు సీట్లో కూర్చున్నాడు. ఈ ఊరి బస్సుకు కండక్టరు ఉండడు. రైట్ అనేవాడు లేకుండానే కదిలింది. తన స్టాప్ రాగానే బస్సు ఆపమని తీగ లాగి, తలుపు తెరుచుకుంటే దిగి, పేవ్‌మెంట్ మీద కాసేపు స్తంభాన్ని పట్టుకొని నిలబడ్డాడు. చొక్కా జేబు మీద రెండు ఎర్రటి చుక్కలు పడ్డాయి.

ఇంటి తలుపు తాళం వేసి లేదు. ధరణి సోఫాలో కోటు విప్పకుండా కూర్చొని ఉంది. పొయ్యి మీద జావ కాగి ఉంది.

"తారక్ ఏడి నాయినా?"

కొమరయ్య నోట్లోని గుడ్డ చూపించాడు, మాట్లాడకూడదన్నట్టు.

"పొద్దుగాల తారక్‌కు నేనే ఫోన్ చేసిన. రాలేదన్నడు. హాఫ్ డే పెట్టి క్లినిక్‌కు ఉరికొస్తె, అప్పటికే పోయినవన్నరు. ఎన్నిసార్లు ఫోన్ చేసిన, ఎత్తవేంది?" ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎవలు రారని నాకు తెలుసు. నీ నోటి నుంచి ఒక్కసారన్న వస్తదేమో, 'నువ్వే రా బిడ్డా' అని, ఎదురుచూసిన."

కొమరయ్య నర్సు ఇచ్చిన కాగితాన్ని తిరగేసి, బల్ల మీది పెన్ను తీసుకొని రాశాడు. ఒకప్పుడు డిపో మేనేజరు మెచ్చుకున్న గుండ్రటి దస్తూరీ. *హర్షిణి నంబరు ఉన్నదా?*

"ఉన్నది."

*ఇయ్యి.*

"ఇయ్య. నీకు ఇయ్యొద్దన్నది నాయినా."

పెన్ను కాగితం మీద చుక్క పెట్టి అక్కడే నిలిచిపోయింది. తర్వాత మెల్లగా కదిలింది. *నీకు ఎప్పటి నుంచి ఎరుక?*

"ఉగాది అయిన వారానికే. కమలకుమారి ఆంటీయే ఫోన్ చేసి చెప్పింది. మీ నాన్నగారు ఎంత బాగా చెప్పారో అన్నది."

*నాకెందుకు చెప్పలె?*

ధరణి లేచి కోటు విప్పి మేకుకు తగిలించింది. జావ గిన్నెలోకి వంచి, వేడి తగ్గడానికి చెంచాతో తిప్పింది.

"చెప్తే నువ్వు ఇంకో పది మందికి చెప్పి, నీ తప్పేం లేదనిపిచ్చుకుందువు నాయినా" అంది, గిన్నె ఆయన ముందు పెడుతూ.

అరగంట అయింది. కొమరయ్య లేచి బాత్రూంలోకి పోయి అద్దం ముందు నిలబడ్డాడు. నెత్తురు నానిన గుడ్డ తీసి పారేశాడు. పద్నాలుగు మందికి చేసినట్టే కొత్త గుడ్డను నాలుగు మడతలు వేశాడు, కొనలు తడిపాడు, పిండాడు. ఎవరి నోట్లోనైనా ఒక్కసారికే కుదిరేది. ఇప్పుడు రెండుసార్లు జారింది. మూడోసారి గుంట మీద కుదిరాక, పళ్ళు బిగించాడు.

బయట ధరణి జావ మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది.